లేనోళ్ళ బొమ్మలు

ఇయ్యాల ఎముకల గూడు ముచ్చటతోని మొదలువెడ్త. భయపడకుండ్రి, దయ్యాల కథ కాదు. ఆ కట్టె జర లోపటికి తొయ్యి బిడ్డా, పొగంత నా మొకం మీదికే వస్తున్నది.

1932ల, ఇక్కడ అమెరికాల, మన ఇంటికి కార్ల అర్ధగంట దూరంల ఉన్న చాడ్స్ ఫోర్డ్ అనేటి చిన్న ఊర్ల, పదిహేనేండ్ల పోరడు బొమ్మలు నేర్చుకుందామని తండ్రి గదిలకు పోయిండు. తండ్రి దేశమంత పేరున్న చిత్రకారుడు. కొడుకు గదా అని ఏం అల్కగ ఇడిచిపెట్టలే. ముందుగాల గోళాలు, శంకువులు, సుద్దబొమ్మలు గీయిపిచ్చిండు. అటెన్క మనిషి ఎముకల గూడు తెచ్చి ముంగట నిలవెట్టి, అన్ని దిక్కులకెళ్ళి గియ్యమన్నడు. పోరడు గీసిండు. మల్ల గీసిండు. ఇగ దానిల ప్రతి ఎముక చేతికి అలవాటయ్యేసరికి, తండ్రి ఆ గూడును తీసి పక్కకు పెట్టిండు. ఇప్పుడు చూడకుంట గియ్యమన్నడు.

నేను బడిల డ్రాయింగు సార్‌గ చేసినోన్ని, నాకు ఈ ముచ్చట తెలిసిన కాడికెళ్ళి మస్తు నచ్చింది. ముంగట ఉన్నదాన్ని గీసుడు ఎవలకైనా నేర్పొచ్చు. ముంగటికెళ్ళి తీసేసినంక గీసుడే అసలు కష్టం. ఆ పోరడు తొంభై ఒక్క ఏండ్లు బతికిండు. అన్ని ఏండ్లు ఒక తీరుగ చేసింది గదే పని.

ఆయన పేరు ఆండ్రూ వైయెత్. 1917 జులైల పుట్టిండు. తండ్రి పేరు న్యూవెల్ కాన్వర్స్ వైయెత్, అందరు ఎన్.సి. అనేటోళ్ళు. కథల పుస్తకాలకు బొమ్మలేసేటోడు. ‘ట్రెజర్ ఐలండ్’ అని సముద్రపు దొంగల కథ ఉన్నది గదా, దానికి 1911ల ఆయన వేసిన బొమ్మలు ఇప్పటికీ అచ్చువడుతున్నయి. ఆ పైసలతోనే చాడ్స్ ఫోర్డ్‌ల 18 ఎకరాల జాగ కొని ఇల్లు కట్టుకున్నడు. మన తాన పుస్తకాలకు బొమ్మలేసి ఎకరం జాగ కొన్నోళ్ళను నేనైతే చూడలే.

అయిదుగురు పిల్లలు, ఆండ్రూ చిన్నోడు. పానం బాగుండకపోయేది, అందుకని బడికి పంపలే, ఇంట్లనే చదువు. ఇద్దరక్కలు చిత్రకారులైన్రు, ఇంకొక అక్క సంగీతం రాసింది. అన్న నథానియెల్ ఒక్కడే వేరే దారి పట్టి డ్యూపాంట్ కంపెనీల ఇంజనీరైండు. మీరు తాగి పడేసే కోకు సీసా ఉన్నది చూడు, గ్యాసు వత్తిడికి పలుగకుంట నిలిచే ఆ ప్లాస్టిక్ సీసాను కనిపెట్టింది ఆయనే, 1973ల పేటెంటు వచ్చింది. ఒకే ఇంట్ల ఒకడు ఏండ్లకేండ్లు నిలిచే బొమ్మలు గీసిండు, ఇంకొకడు మనం ఊరవతల కుప్పలు పోసే సీసాలు కనిపెట్టిండు. ఏది ఎక్కువ దినాలు ఉంటదో చెప్పలేం గాని, ఆ అన్న పేరు మీదికి మల్ల వస్త.

ఆండ్రూకు ఇరవై ఏండ్ల వయసుల, 1937ల, న్యూయార్కుల మాక్‌బెత్ గ్యాలరీల మొదటి ప్రదర్శన పెట్టిండ్రు. మెయిన్ రాష్ట్రం సముద్రపొడ్డున గీసిన నీటిరంగుల బొమ్మలు. అన్ని అమ్ముడువోయినయి. వేరేటోడైతే జన్మంత గవే గీసుకుంట కూసుండేటోడు. ఈయనకేమో అంత సులువుగ వచ్చిన పని మీద నమ్మకం కుదరలే. పెద్దక్క మొగడు పీటర్ హర్డ్ కోడిగుడ్డు సొనతోని రంగులు కలిపే పాత పద్ధతి చూపిచ్చిండు. టెంపరా అంటరు. ఆయిలు రంగులు రాకముందు యూరపుల ఏండ్లకేండ్లు నడిచిన పద్ధతది.

దాని సంగతి చెప్తా ఇనుండ్రి, నాకు ఇష్టమైన భాగం ఇదే. నున్నటి చెక్కపలకకు సుద్దపొడి, సరేసు కలిపి పూతలు పూతలుగ పూసి, ఆరినంక రాకాలె. తెల్లగ, గట్టిగ, పాలరాయోలె అవుతది. గుడ్డు పలగ్గొట్టి తెల్లసొన ఒంపేసి పచ్చసొనను ఈ అరచేతిలకెళ్ళి ఆ అరచేతిలకు మార్చుకుంట తడి ఆరిచ్చాలె. అటెన్క పొరను రెండు వేళ్ళతోని పట్టుకొని సూదితోని గిచ్చితె లోపటి సొన గిన్నెల పడ్తది, పొర చేతిల మిగులుతది. ఆ సొనల శుద్ధమైన నీళ్ళు, రంగు మన్నుపొడి కలిపి గియ్యాలె. తెల్లారితె ఆ రంగు పనికిరాదు, మల్ల కొత్తది కలపాలె. కుంచె పెట్టిన నిమిషానికే ఆరుతది గనుక తడి మీద తడి రుద్ది కలుపుడు కుదరదు. సన్నటి కుంచెతోని గీత పక్కన గీత, దాని మీద అడ్డం గీత, మగ్గం మీద పోగు పోగు ఏసినట్టు. ఒక్క గడ్డిపోచ కావాల్నంటె ఎన్ని గీతలో. ఒక్క బొమ్మకు నెలలకు నెలలు పడ్తుండె. ఏడాదిల రెండో మూడో పూర్తయితె గొప్ప.

రంగులు కూడ ఏం పండుగ రంగులు కావు. మన్ను, ఎండిన గడ్డి, మాసిన గోడ, మంచు. ఎండాకాలం మెయిన్ల ఉన్నా, చలికాలం చాడ్స్ ఫోర్డ్‌ల ఉన్నా గవే రంగులు. ఆ రెండు జాగలు దాటి గీసిందే లేదనొచ్చు. పేరొచ్చిన చిత్రకారులు పారిస్ పోయెటోళ్ళు, ఇటలీ పోయెటోళ్ళు, ఈయన పక్కింటోళ్ళ వంటింట్ల కూసుండేటోడు.

1939 జులై 12, ఆండ్రూ పుట్టినరోజు. మెయిన్ల ఒక పెద్దమనిషిని కలుస్తానికి పోతె, ఆయన లేడు, బిడ్డ తలుపు తీసింది. బెట్సీ జేమ్స్, పదిహేడేండ్లది. ఆ పిల్ల ఏం చేసిందనుకున్నరు? కొత్తగ వచ్చిన పోరన్ని కుషింగ్ అనేటి ఊరికి తీస్కపోయి, ఒక పాతవడ్డ మూడంతస్తుల చెక్కింట్ల ఉండే తన స్నేహితురాలిని చూపిచ్చింది. పేరు క్రిస్టినా ఓల్సన్. నడీడు మనిషి, కాళ్ళు పనిచెయ్యవు, ఇంట్ల ఎప్పటి సామాను అప్పటిదే, ఎక్కడి మసి అక్కడనే. పోరడు ఆ ఇంట్ల మొకం మాడ్చుకుంటడా, మనిషి లెక్క కూసొని మాట్లాడుతడా, గదీ పరీక్ష. ఆండ్రూ నెగ్గిండు. ఇంకొక ఏడాదికి, 1940ల, ఇద్దరికి పెండ్లయింది.

బెట్సీ మొండిది. 1943ల ‘సాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రిక ఆండ్రూ బొమ్మను అట్ట మీద ఏసుకొని, మస్తు మంచిగున్నది, ఇంకా అట్టలు ఎయ్యుమని ఒప్పందం ముంగటపెట్టింది. పైసలకు పైసలు, పేరుకు పేరు. ఆమె వద్దే వద్దన్నది. పత్రికలోళ్ళు చెప్పింది గీసుకుంట బతికితె సొంత బొమ్మ ఎప్పుడు గీస్తవని కొట్లాడింది. తండ్రి ఎన్.సి. జన్మంత చేసిందే ఆ పని. మామకు కోడలికి మధ్యల ఉడుకు ఉండుట్ల వింతేమున్నది? నాకైతె ఆ ఒక్క మాటతోనే ఆమె వైయెత్‌ను చిత్రకారున్ని చేసిందనిపిస్తది.

ఇగ అసలు దెబ్బ. 1945 అక్టోబర్ 19. ఎన్.సి. తన మనవన్ని కార్ల కూసోవెట్టుకొని పోతుండె. నేను చెప్పిన సీసా నథానియెల్, ఆయన కొడుకే ఆ పిల్లగాడు, నాలుగేండ్లు నిండలే, తాత పేరే పెట్టుకున్నరు. ఊరి పక్కన రైలు పట్టాల మీద కారు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఇప్పటిదాక ఎవలకూ తేలలే. రైలొచ్చింది. ఇద్దరూ పోయిన్రు.

ఆండ్రూకు అప్పటికి ఇరవై ఎనిమిది. తండ్రి దగ్గరనే నేర్చిండు, తండ్రి కండ్ల ముంగటనే పెరిగిండు, ఆ పెద్ద మొకాన్ని ఒక్కసారన్న సరిగ్గ బొమ్మగ గియ్యలే. తర్వాత జన్మంత గదే చెప్పుకున్నడు, మా నాయినను గియ్యలేకపోతినని. ఊకె బాధపడి ఊకోలే. మరుసటేడు ఒక బొమ్మ గీసిండు, ‘1946 చలికాలం’ అని పేరు. ఎండిన గడ్డి నిండిన పెద్ద గుట్ట, దాని మీదికెళ్ళి ఒక పోరడు కిందికి ఉరుకుతున్నడు. వాని పేరు ఆలన్ లించ్, ఊర్ల పిల్లగాడే. ఒక చెయ్యి గాలిల ఏలాడుతుంటది, దేన్నీ పట్టుకోలేనట్టు. కింద వాని నీడ, గుట్ట, ఇగేం లేదు. ఆ గుట్టకు అవతలి దిక్కున్నే రైలు పట్టాలు ఉన్నయి. ఆ గుట్టే తనకు తండ్రి బొమ్మ అయిందని ఆండ్రూ తానే చెప్పిండు. ఎముకల గూడు తీసేసి గియ్యమన్న తండ్రి, చివరికి తననే తీసేసుకున్నడు. కొడుకు చూడకుంట గీసిండు.

అక్కడికెళ్ళి ఆయన బొమ్మలను జర గుర్తువెట్టి చూడుండ్రి. కనవడేటోళ్ళ కంటె కనవడనోళ్ళే ఎక్కువుంటరు.

ఓల్సన్ ఇంటినే తీస్కో. క్రిస్టినాకు తమ్ముడు ఆల్వారో ఉండె. సముద్రంల చేపలు పట్టేటోడు. ఇల్లు చూసుకునెటోళ్ళు లేక పడవ ఇడిచిపెట్టి పొలం చేసుకుంట అక్కను సాదిండు. బొమ్మకు కూసోమంటె కూసోడు. 1945ల ఒక్కసారి దీపం ముంగట కూసున్నడు, ఇగ మల్ల ఒప్పుకోలే. ఏం చేస్తడు ఆండ్రూ? ఆల్వారో బకెట్లు గీసిండు, పడవ గీసిండు, గడ్డివాము గీసిండు. 1947ల పై అంతస్తుల ఎన్నో ఏండ్లుగ తియ్యని కిటికీ ఒకనాడు ఎత్తిండు. సముద్రం గాలి దూసుకొచ్చి, పిట్టల అల్లిక ఉన్న పాత తెర లేచి ఊగింది. అది గీసిండు, ‘సముద్రం దిక్కు గాలి’. మనుషులు ఎవలూ లేరు దాన్ల. చూస్తె మాత్రం ఆ ఇంటి ఆడిమనిషి అక్కడున్నట్టే ఉంటది.

అదే ఇంటి కిటికీల నుంచి ఒకనాడు బయటికి చూస్తె చేన్ల క్రిస్టినా పాకుతున్నది. ఆమె చక్రాల కుర్చీ ముట్టకపోయేది. ఎక్కడికి పోవాల్నన్నా చేతుల మీద ఒళ్ళును గుంజుకుంట పోయేది, పక్కింటికైనా, తల్లిదండ్రుల గోరీల కాడికైనా. ఎవలన్న అయ్యో అంటె ఆమెకు కోపం. 1948ల ఆండ్రూ ఆమెను గీసిండు. నాలుగడుగుల ఎడల్పు, రెండుముప్పావు అడుగుల ఎత్తు. గులాబీరంగు గౌను, వెనకకు తిరిగి ఉన్నది, మొకం కనవడదు. దూరంల గుట్ట మీద ఇల్లు. నడుమంత గడ్డే గడ్డి, పోచ పోచ గీసిండు. ‘క్రిస్టినా ప్రపంచం’ అని పేరు. బొమ్మల చెట్టు లేదు, తొవ్వ సరిగ్గ లేదు, గని ఆ ఇల్లు ఎంత దూరమో చూసినోని మోకాళ్ళకు తెలుస్తది.

మస్తుమంది ఆ బొమ్మల ఉన్నది పదహారేండ్ల పిల్ల అనుకుంటరు. క్రిస్టినాకు అప్పుడు యాభై అయిదేండ్లు. చేతులు చూడుండ్రి, ఎముకలు తేలి, కణుపులు ఉబ్బి ఉంటయి, అవి ఆమెవే. ఆ నడుము, ఆ వీపు మాత్రం ఆమెవి కావు. ఎవలవో ఆఖరుకు చెప్త, గుర్తుంచుకోండ్రి.

న్యూయార్కుల మోడ్రన్ ఆర్ట్ మ్యూజియం ఆ బొమ్మను 1,800 డాలర్లకు కొన్నది. ఇయ్యాల దాని ముంగట నిలవడుతానికి జాగ దొరకదు.

చలికాలం ముచ్చట వేరే. చాడ్స్ ఫోర్డ్‌ల కార్ల్ కర్నర్ అని జర్మనీ రైతు. మొదటి ప్రపంచ యుద్ధంల జర్మనీ దిక్కు మెషిన్‌గన్ను పట్టినోడు, అటెన్క అమెరికా వచ్చి పొలం పట్టిండు. భార్య అన్నా. ఆండ్రూ చిన్నప్పుడే వాళ్ళింటికి పోవుడు మొదలువెట్టిండు, తాళంచెవి అక్కరలేని దోస్తానా. 1948ల కార్ల్ బొమ్మ గీసిండు, మొకం రాయోలె, తల మీద మాంసం ఏలాడదీసే కొక్కాలు. నేను చూసిన మొకాల బొమ్మల్ల గంత భయం పుట్టిచ్చింది ఇంకొకటి లేదు. తండ్రి గుట్ట అన్నం గదా, అది కూడ కర్నర్ పొలంలనే ఉన్నది.

1959ల అదే ఇంటి వంటగదిని గీసిండు. మొదట రాసుకున్న గీతల్ల అన్నా కిటికీ కాడ కూసున్నది, వాళ్ళ కుక్క మెత్త మీద పండుకున్నది. దినాలు గడిచినకొద్ది అన్నాను తీసేసిండు. కుక్కను తీసేసిండు. ఆఖరుకు మిగిలింది ఏందంటె, బల్ల మీద ఒక పళ్ళెం, ఒక కప్పు, ఒక కత్తి, గోడ మీద పొద్దు. కిటికీ బయట నరికిన మొద్దు, దాని చీలిన మొన కుక్క కోరలోలె ఉంటది. కుక్క పోయి మొద్దుల దూరిందన్నమాట. ఫిలడెల్ఫియా మ్యూజియం దానికి 31,000 డాలర్లు పెట్టింది. ఖాళీ పళ్ళానికి అన్ని పైసలా అని మా అల్లుడు నవ్విండు. నేనేమో, ఆ పళ్ళెం ముంగట ఎవలు కూసుంటరో ఊహిస్తుంటె నీకు కార్ల్ కనవడతలేడా అని అడిగిన. కనవడతలేడన్నడు. సరే, ఆయన లెక్కల మనిషి.

ఇంకా జర ముందుకు పోతె, కార్ల్‌కు మందు లేని రోగమొచ్చింది. 1978ల ఆండ్రూ గీసిన బొమ్మ పేరు ‘వసంతం’. అదే గుట్ట. మంచు కరుగుతున్నది. ఆ కరిగే మంచుకుప్పల బట్టలు లేకుంట ముసలి కార్ల్ పండుకొని ఉన్నడు. మరుసటేడే ఆయన పోయిండు. తండ్రిని పెట్టిన గుట్టల్నే దోస్తును కూడ పెట్టిండు. అది చూసి చెడ్డగుందన్నోళ్ళున్నరు. నాకు చెడ్డగనిపియ్యలే. సావును అంత దగ్గర కూసొని చూసినోడే గట్ల గీస్తడు.

అక్కడ ఓల్సనోళ్ళది అంతకు ముందే అయిపోయింది. 1967 డిసెంబర్‌ల ఆల్వారో, నెల గడిస్తె క్రిస్టినా. ముప్పై ఏండ్ల దాక ఎండాకాలమంత తన గదోలె తిరిగిన ఇల్లు. ఆండ్రూ పోయి ఒక నీటిరంగుల బొమ్మ గీసిండు: పక్కపక్కన రెండు తలుపులు, ఒక దిక్కు బుట్ట, బకెట్టు, ఒక దిక్కు వెలుగు. పేరేమో ‘ఆల్వారో, క్రిస్టినా’. గంతే.

హెల్గా ముచ్చట తెలిసినోళ్ళు అది చెప్పవేందని అడుగుతరు, చెప్త. కార్ల్ ఇంట్ల సేవకు వచ్చిన పక్కింటి ఆడిమనిషి. 1971 కాడికెళ్ళి 1985 దాక ఆమెను 240 కంటె ఎక్కువ బొమ్మలు గీసిండు, చాన మటుకు పెండ్లాంకు చూపియ్యకుంట. 1986ల అన్ని ఒక్కసారి బయటపడి, ఒక పబ్లిషరు మొత్తం కొంటె, టైమ్, న్యూస్‌వీక్ రెండు పత్రికలు అట్టల మీద ఏసినయి. లోకమంత ఏమున్నదో ఏం లేదో అని గుసగుసలు. బొమ్మలు మంచియే, కొన్నైతె మస్తు మంచియి. గని బొమ్మ కొరకని పదిహేనేండ్లు ఇంటిదాని కాడ దాచుడు నాకు నచ్చదు. చిత్రకారుడైనా గంతే, పట్వారి అయినా గంతే. ఆ బొమ్మలు దేని గురించి అని విలేకరులు అడిగితె బెట్సీ ఒక్కటే మాట చెప్పింది, ప్రేమ అని. ఆ మాటల ఎంత మంట ఉన్నదో మీరు పెద్దయినంక తెలుస్తది.

పండితులు ఆయన్ను చాన తిట్టిండ్రు. న్యూయార్కుల రంగులు చల్లే కాలమది, మనిషి మొకం గీస్తె పాతకాలపోడనెటోళ్ళు, ఉత్త పుస్తకాల బొమ్మలోడనెటోళ్ళు. జనాలు మాత్రం బార్లు కట్టిండ్రు. 1963ల దేశాధ్యక్షుడు మెడల్ ఇచ్చిండు, 1976ల మెట్రోపాలిటన్ మ్యూజియంల ప్రదర్శన పెట్టిండ్రు. తిట్టినోళ్ళ పేర్లు నాకు యాదికి లేవు.

డెబ్బై దాటినంక, 1989ల, పెద్ద టెంపరా ఒకటి పూర్తిచేసిండు, ‘మంచు గుట్ట’ అని. గుట్ట మీద గుంజ పాతి, పైనుంచి రిబ్బన్లు ఏలాడదీసి, వాటిని పట్టుకొని మంది సుట్టు ఆడుతున్నరు. ఎవలు? కార్ల్, అన్నా, హెల్గా, ఉరికిన పోరడు ఆలన్ లించ్, ఆయన గీసిన పాతోళ్ళే. బతికున్నోళ్ళు, సచ్చినోళ్ళు కలిసి. కింద చూస్తె రైలు పట్టాలు. ఒక తెల్ల రిబ్బను మాత్రం ఎవలూ పట్టుకోలే, గాలికి ఎగురుతున్నది. అది ఆయనదే అని చానమంది అంటరు. కాదు, వాళ్ళ నాయినది అంట నేను. మీ అమ్మేమో క్రిస్టినాది అంటది, ఆమె నడవలేదు గనుక. మా ఇద్దరికి ఈ పంచాయితి ఇంకా తెగలే.

2009 జనవరి 16న నిద్రలనే పోయిండు, పుట్టిన ఊర్లనే. పూడ్చింది మాత్రం మెయిన్ల, ఓల్సనోళ్ళ గోరీల పక్కన.

బెట్సీ ఇంకా పదకొండేండ్లు ఉన్నది, 2020ల పోయింది, తొంభై ఎనిమిదేండ్లకు. బొమ్మలకు చాన మటుకు పేర్లు పెట్టింది ఆమెనే, ‘క్రిస్టినా ప్రపంచం’ కూడ ఆమె పెట్టిన పేరే. ఏ బొమ్మ ఎప్పుడు గీసిండు, ఎవలు కొన్నరు అన్న లెక్కలన్ని రాసిపెట్టింది. బేరాలు చూసింది, వద్దన్నప్పుడు వద్దన్నది. ఇగ నేను ఆఖరుకు చెప్తనన్న నడుము సంగతి. యాభై అయిదేండ్ల క్రిస్టినాను చేన్ల ఎండల కూసోవెట్టుడు కష్టమని, ఆ గులాబీ గౌను బొమ్మకు ఇరవై ఆరేండ్ల బెట్సీ కూసున్నది. గడ్డిల వెనకకు తిరిగి ఇంటి దిక్కు చూసే ఆ వీపు బెట్సీది.